‘ఒర్రు’ వేరు ఎక్కడుంది? ఊరి క్రియను నిఘంటువు దాకా వెంబడించే పద్ధతి

వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు ‘ఒర్రకు’ (అరవకు) అంటే అర్థం కాని మనిషి ఉండడు. ఆ మాట ఎక్కడిదని అడిగితే మాత్రం మూడు జవాబులు వినిపిస్తాయి. ఉర్దూ మాట అయ్యుంటుందని ఒకరంటారు. వానకాలం ఒర్రె (చిన్న వాగు) పారే చప్పుడులోంచి పుట్టిందని ఇంకొకరు. ‘అరుచు’నే పల్లెల్లో నోరు తిరగక అలా అన్నారని మరొకరు. మూడూ తప్పే. తప్పని తేల్చడానికి యూనివర్సిటీ దాకా పోనక్కరలేదు, ఒక నోటుబుక్కు, ఒక ఫోను, రెండు మూడు నిఘంటువులు చాలు.

‘ఒర్రు’ పాత తెలుగు ‘ఒఱలు’. బాధతో కేకవేయడం, మొరపెట్టడం, ఏడవడం దాని పాత అర్థం. ఆ సంగతిని ఒక్కొక్క మెట్టుగా ఎలా రుజువు చేయాలో కింద ఉంది. మీ ఊళ్లో వినే ఏ పాత క్రియకైనా ఇదే వరుస పనికొస్తుంది.

ముందు వినాలి, అర్థం అడగొద్దు

‘అవ్వా, ఒర్రుడంటే ఏందే?’ అని అడిగితే ‘అరుసుడు బిడ్డా’ అని ఒక్క మాటతో ముచ్చట అయిపోతుంది. అర్థం అడగగానే మనిషి తన మాట వదిలిపెట్టి, అడిగినవాళ్లకు తెలిసిన మాట వెతుకుతాడు. చదువుకున్నట్టు కనబడేవాళ్లు అడిగితే ఇంకా జాగ్రత్తపడి ‘అరవడం అండీ’ అంటాడు. అందుకని మాటను కాదు, సందర్భాన్ని కదిలించాలి.

‘అవ్వా, మీ మనుమనికి మొన్న సూది ఏయించిన్రట గదా, ఏమన్న సతాయించిండా?’

‘సతాయించుడా బిడ్డా! దవఖానంత ఇనవడేటట్టు ఒర్లిండు. ఇంటికొచ్చినంక గుడ ఒకటే ఒర్రుడు.’

ఇలాంటి జవాబు దొరికితే సగం పని అయినట్టే. ఇందులో మూడు సంగతులు ఉన్నాయి. ఒకటి, ఇక్కడ ఒర్రడమంటే కోపంతో అరవడం కాదు, నొప్పికి ఏడవడం. రెండు, క్రియకు ‘-ఉడు’ చేర్చి నామం చేశారు. శిష్టభాషలో ‘-అడం’ పడేచోట ఇక్కడ చేసుడు, ఉరుకుడు, ఒర్రుడు అంటారు. మూడోది అన్నింటికంటే విలువైనది. అదే నోట ఒక వాక్యంలో ‘ఒర్లిండు’, మరుక్షణం ‘ఒర్రుడు’ వచ్చాయి. మామూలుగా రాసుకునేవాళ్లు మొదటిదాన్ని పొరపాటనుకుని ‘ఒర్రిండు’ అని దిద్దేస్తారు. దిద్దారా, కేసు అక్కడే పోతుంది. ఆ ‘ర్ల’ ఎందుకంత ముఖ్యమో ముందు ముందు తెలుస్తుంది.

రికార్డు చేసుకోవడానికి మామూలు ఫోను సరిపోతుంది, ఆ మనిషి ఒప్పుకుంటేనే. ఫ్యాను ఆపేయాలి, ఫోను మూరెడు దూరంలో ఉండాలి. ఫ్యాను హోరులో ‘ర్ల’లోని లకారం పోవచ్చు. తర్వాత విన్నప్పుడు అంతా ‘ర్ర’లాగే ఉంటుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డు లాంటి చోట పది ఊళ్ల మాట ఒకేసారి వినవచ్చు గానీ, ఆ గోలలో రికార్డింగు పనికిరాదు. అక్కడ చెవిన పడ్డది రాసుకుని, రికార్డు మాత్రం ఇంటి అరుగు మీద చేసుకోవాలి.

ఎంతమందిని వినాలి? ఒక ఊళ్లో ఒక్క ముసలమ్మ చెప్పింది ఆమె ఇంటి అలవాటు కావచ్చు. మూడు ఊళ్లు, ఒక్కో ఊళ్లో కనీసం నలుగురు, అందులో ఇద్దరైనా అరవై దాటినవాళ్లు, ఇద్దరైనా ఆడవాళ్లు ఉంటే మాట మీద నమ్మకం కుదురుతుంది. వేరే ఊరి కోడళ్లను విడిగా రాసుకోవాలి. వాళ్ల నోట అత్తగారి ఊరి మాట, పుట్టింటి మాట రెండూ ఉంటాయి.

పన్నెండు రూపాలు సేకరించడం

క్రియను ఒక్క రూపంతో పట్టుకోలేం. కనీసం ఈ పన్నెండైనా ఉండాలి: ఒర్రు, ఒర్రకు, ఒర్రకుర్రి, ఒర్రిండు, ఒర్రింది, ఒర్రిన్రు, ఒర్రుతాండు, ఒర్రుతది, ఒర్రలే, ఒర్రితే, ఒర్రబట్టె, ఒర్రుడు. వరంగల్, కరీంనగర్ దిక్కు ‘ఒర్రుతాండు’ అనేదే ఇంకోచోట ‘ఒర్రుతుండు’ అవుతుంది. అది ప్రత్యయంలో తేడా, ధాతువులో కాదు, కాబట్టి మన పనికి అడ్డం రాదు. రూపాలు ఒకదాని వెంట ఒకటి అప్పజెప్పించుకోవద్దు. బడి పిల్లల్ని అడిగినట్టుంటుంది, జవాబులూ అట్లాగే వస్తాయి. అరగంట ముచ్చట పెడితే ఏడెనిమిది రూపాలు వాటంతటవే పడతాయి, మిగిలినవాటికి ఇంకోరోజు పోవాలి.

వీటి వెనక ఉండే అసలైన రూపాలు రెండు: ‘-ఇ’తో ముగిసే రూపం, ‘-అక’తో ముగిసే వ్యతిరేక రూపం. తెలుగు క్రియ తన కులగోత్రాలు దాచుకోలేని చోట్లు ఈ రెండే. నడుచు అనే క్రియ చూడండి: నడిచి, నడవక. ఒకచోట చకారం, ఇంకోచోట వకారం. పిలుచు: పిలిచి, పిలవక. వచ్చు: వచ్చి, రాక. అదే పొర్లు తీసుకుంటే పొర్లి, పొర్లక. ఏ మార్పూ లేదు.

ఇప్పుడు ‘అరుచు’ను, ‘ఒర్రు’ను పక్కపక్కన పెట్టండి. అరుచు: అరిచి, అరవక. మన దిక్కు చకారం సకారమై ‘అరిసిండు’, వ్యతిరేకంలో ‘అరువకు’. ఒర్రు: ఒర్రి, ఒర్రక. ‘ఒర్రు’ నిజంగా అరుచు చెడి వచ్చిందే అయితే ఎక్కడో ఒకచోట స కానీ వ కానీ తల ఎత్తాలి. పన్నెండు రూపాల్లో ఒక్కదానిలోనూ లేదు. అంటే ఈ రెండు క్రియలూ వేర్వేరు తరగతులవి. నోరు తిరగకపోవడం అనే కారణం ఇక్కడితో చెల్లిపోయింది. నిజానికి నోరు తిరగక మాట మారిందనే వివరణ ఏ క్రియకు చెప్పినా ముందు అనుమానించాల్సిందే. మాటలు మారేది ఒక పద్ధతి ప్రకారం, ఆ పద్ధతి చూపించలేనివాళ్లు నోటి మీదికి నెడతారు.

ఉర్దూనా కాదా: ఒక నిమిషంలో తేలే పరీక్ష

తెలంగాణ మాట తెలియకపోతే ఉర్దూ ఖాతాలో వేయడం పాత అలవాటు. నామవాచకాల్లో ఉర్దూ నిజంగానే చాలా ఉంది, దవఖాన లాంటివి. క్రియల సంగతి వేరు. ఉర్దూ, హిందీ క్రియ తెలుగులోకి వస్తే దాదాపుగా ‘-ఆయించు’ తోక తగిలించుకుని వస్తుంది: సతాయించు, దబాయించు, బనాయించు, చలాయించు, ఫిరాయించు. సంస్కృతం నుంచి వస్తే ‘-ఇంచు’: జయించు, భరించు, ప్రయత్నించు. తోక లేకుండా ధాతువు మీదే ‘-ఇండు’, ‘-అకు’ నేరుగా చేరుతున్నాయంటే అది ఇంటి మాట అనుకోవడానికి గట్టి ఆధారం. పైన అవ్వ మాటల్లోనే రెండు రకాలూ ఉన్నాయి: ‘సతాయించుడు’ వలస వచ్చింది, ‘ఒర్రుడు’ ఇక్కడిది.

ఒక జాగ్రత్త. తెలుగు మాటలకూ ‘-ఇంచు’ చేరుతుంది, చేయించు, పంపించు లాగా. అక్కడ తోక తీసేస్తే తెలుగు క్రియే మిగులుతుంది. సతాయించులో తీసేస్తే ‘సతా’ మిగులుతుంది, దానికి తెలుగులో క్రియగా బతుకు లేదు.

అర్థం తేల్చడం

ఇక్కడ తొందరపడితే నిఘంటువులో చూసినప్పుడు అర్థం కుదరక తికమక పడతారు. ‘ఒర్రు అంటే అరుచు’ అని రాసి ఊరుకుంటే చాలదు. పక్క మాటలతో పోటీ పెట్టాలి: అరుచు, మొత్తుకొను, తిట్టు, ఏడ్చు, మొరుగు, కేకేయు. ఒకే వాక్యంలో ఒక్కోదాన్ని పెట్టి, ఏది ఒప్పుతుందో ఏది నవ్వు తెప్పిస్తుందో చూడాలి.

‘తిట్టు’తో పోల్చండి. ‘నన్ను తిట్టిండు’ అంటాం. ‘నన్ను ఒర్రిండు’ అనం, ‘నా మీద ఒర్రిండు’ అంటాం. అంటే ఇది అకర్మకం, ఎదుటి మనిషి దానికి కర్మ కాదు. తిట్టులో మాటలు ముఖ్యం, ఒర్రులో గొంతు ముఖ్యం. ఒక్క తిట్టు లేకుండా కూడా ఒర్రవచ్చు.

‘కేకేయు’తో పోల్చండి. దూరంగా పోయేవాణ్ని ఆపడానికి కేకేస్తాం. ఆ పనిని ఒర్రుడు అన్నామంటే కేక వేసినవాళ్ల మీద విసుగు చూపుతున్నట్టు. ఈ క్రియ ఎప్పుడూ వినేవాడి పక్షం మాట, చెవులు నొచ్చినవాడు అనే మాట. అందుకే పెద్దమనిషి ముందర ‘మీరు ఒర్రుతున్నరు’ అనరు, ఆయన వెళ్లిపోయాక ‘పొద్దటిసంది ఒర్రుతాండు’ అంటారు. తన గురించి తాను అనుకునేది విసిగిపోయినప్పుడు ఒక్కటే: ‘ఒర్రి ఒర్రి నోరు నొస్తాంది, ఒక్కడు ఇంటలేడు.’

ఇక చంటిపిల్లలు. పిల్ల ఎక్కిపడి ఏడుస్తుంటే ‘పొద్దటిసంది ఒర్రుతనే ఉంది పోరి’ అంటారు. అక్కడ కోపం లేదు, తిట్టు లేదు, నొప్పో ఆకలో ఉంది. పెద్దల విషయంలో ‘కోపంతో అరవడం’గా మారిన మాట పిల్లల దగ్గర పాత అర్థాన్నే పట్టుకుని ఉంది. ఈ సందర్భం నోటుబుక్కులో లేకపోతే, నిఘంటువులో ‘మొరపెట్టు, ఏడ్చు’ అని కనబడినప్పుడు ఇది మన మాట కాదేమో అనుకుని వదిలేస్తారు.

బాధ మాట గోల మాటగా మారడం వింతేమీ కాదు. ‘మొత్తుకొను’ చూడండి. మొత్తడమంటే కొట్టడం. దుఃఖంతో గుండెలు బాదుకోవడం దాని అసలు పని. ఇవాళ ‘ఎంత మొత్తుకున్నా వినలేదు’ అంటే ఎన్నిసార్లు గట్టిగా చెప్పినా అని మాత్రమే. గుండెలు ఎవరూ బాదుకోవడం లేదు. ఏడుపు నుంచి గట్టి గొంతుకు, గట్టి గొంతు నుంచి విసుగుకు ‘ఒర్రు’ నడిచిన దారి కూడా ఇదే.

మాటను వెనక్కి నడిపించడం

‘ఒర్రు’ అని టైపు చేసి నిఘంటువులో వెతికితే పాత క్రియ దొరకదు. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. నిఘంటువులు మన నోటి రూపానికి పెట్టవు, కావ్యరూపానికి పెడతాయి. కాబట్టి మాట ఏయే మార్పులు దాటి వచ్చిందో వాటిని తిరగేసి, వెనకటి రూపాలు ఊహించి, ఒక్కొక్కటే వెతకాలి.

ఉత్తర తెలంగాణ మాటకు ముందు ఈ మార్పులు తిరగేయాలి. పదం మొదట ఇ, ఎ ఉంటే ముందు వకారం పెట్టి చూడాలి: ఇను అంటే విను, ఎతుకు అంటే వెతుకు. పదం మొదట ఒ ఉంటే దానికి ఎదురు మార్పు: ‘వొ’ అని రాసినదాన్ని ఒ కింద చూడాలి. మన నోట పదం మొదటి ఒకారం ముందు వకారం సన్నగా పలుకుతుంది కనుక రాతలో రెండూ కనబడతాయి. ఓరుగల్లు వరంగల్ అయిన తీరు తెలిసినవాళ్లకు ఈ సంగతి విడిగా చెప్పనక్కరలేదు. మధ్యలో స ఉంటే చ పెట్టి చూడాలి. న, ల ఉంటే ణ, ళ కూడా చూడాలి. ర ఉంటే ఱ కూడా.

అన్నింటికంటే ఎక్కువ పనిచేసేది ఇంకొకటి: జంట హల్లు కనబడితే మధ్యలో ఒక అచ్చు పడిపోయిందేమో చూడాలి. తెలుగులో మూడక్షరాల మాటలో మధ్య హ్రస్వం చాలాచోట్ల, ముఖ్యంగా ర, ల మధ్య, నిలబడదు. పొరలు పొర్లు అయింది. దొరలు దొర్లు అయింది. మరలించు మళ్లించు అయింది. మన దిక్కు ‘మల్ల వస్త’ అంటున్న ‘మల్ల’ ఏమిటి? మరల, మర్ల, మల్ల.

ఇప్పుడు అవ్వ నోటి ‘ఒర్లిండు’ దగ్గరికి రండి. ఒర్లులో ర, ల మధ్య అచ్చు పెడితే ఒరలు. ఱ పెడితే ఒఱలు. అక్కడ నిఘంటువు తలుపు తెరుచుకుంటుంది. ఒఱలు, ఒర్లు, ఒర్రు: మధ్య అచ్చు పోయింది, తర్వాత ర పక్కనున్న ల కూడా ర అయిపోయింది. మల్లలో ల గెలిచింది, ఒర్రులో ర గెలిచింది, రెండుచోట్లా కలవని రెండు హల్లులు ఒకే జంట అయ్యాయి. రూపాలూ కుదురుతాయి: ఒఱలి, ఒఱలక, ఒర్లి, ఒర్లక, ఒర్రి, ఒర్రక. ఎక్కడా ధాతువు మారదు.

‘ఒర్లు’ అనే రూపాన్ని మొదటి రోజే దిద్దేసి ఉంటే చేతిలో ‘ఒర్రు’ ఒక్కటే మిగిలేది. దాన్ని పట్టుకుని గొఱ్ఱె, వెఱ్ఱి, గుఱ్ఱం వరుసలో ‘ఒఱ్ఱు’ అని వెతికి, లేదని తేల్చి, పుస్తకం మూసేసేవాళ్లం. ఒర్రులోని జంట పుట్టుకతో వచ్చింది కాదు, దారిలో అయ్యింది. ఆ సంగతి చెప్పే సాక్షి ‘ఒర్లు’ ఒక్కటే.

ఏ నిఘంటువు, ఏ వరుసలో

మొదట బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం (1885). అచ్చతెలుగు క్రియలకు ఇదే మొదటి మెట్టు, ర, ఱ తేడా జాగ్రత్తగా పాటిస్తుంది. తర్వాత బ్రౌన్ నిఘంటువు (1852). ఇందులో కావ్యాల మాటలతో పాటు అప్పటి వాడుక కూడా కొంత దొరుకుతుంది. కావ్య ప్రయోగాలు కావాలంటే ఎనిమిది సంపుటాల సూర్యరాయాంధ్ర నిఘంటువు. ఆంధ్రభారతి వెబ్‌సైటులో పలు నిఘంటువులను ఒకేసారి వెతకవచ్చు. వృత్తి పనికి సంబంధించిన క్రియ అయితే, నాగలి దగ్గరిదో మగ్గం దగ్గరిదో, భద్రిరాజు కృష్ణమూర్తి మొదలుపెట్టిన మాండలిక వృత్తి పదకోశం సంపుటాల్లో ముందు చూడాలి. మొదటి సంపుటం వ్యవసాయం (1962), రెండోది చేనేత. ‘ఒర్రు’ వృత్తి పదం కాదు కనుక అక్కడ సమయం పెట్టనక్కరలేదు.

బండి ఱ టైపు చేయడం కొందరికి చిక్కు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ర ఉన్న మీటనే షిఫ్టుతో కలిపి నొక్కితే ఱ వస్తుంది. ఫోనులో దొరక్కపోతే ఎక్కడైనా ఉన్న ఱను కాపీ చేసి పెట్టుకోండి. ర తోనూ ఱ తోనూ రెండుసార్లూ వెతకాలి, ఎందుకంటే రెండూ వేర్వేరు అక్షరాలు, వెతికే యంత్రానికి వాటి చుట్టరికం తెలియదు.

ఇవాళ ఎవరి నోటా ర, ఱ తేడా లేదు. కాబట్టి మూల రూపంలో ఏది ఉందో చెవి చెప్పదు, పద్యం చెబుతుంది. ప్రాస నియమం ఉన్న పద్యాల్లో ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకే హల్లు అయి ఉండాలి. నన్నయ, తిక్కన లాంటి పాతకవులు ర కు ఱ తో ప్రాస కలపరు. మీ క్రియ పాదం మొదట పడి, రెండో అక్షరం రేఫ (ర గానీ ఱ గానీ) అయిన పద్యం దొరికితే మిగతా మూడు పాదాల్లో ఏముందో చూడండి. మూడింట్లోనూ ఱ ఉంటే మీదీ ఱ. ఇక్కడ మన ఊరి గొప్పను కాసేపు పక్కన పెట్టాలి. బమ్మెర పోతన ర, ఱ లను ప్రాసలో కలిపేశాడని లాక్షణికులు (ఛందస్సు నియమాలు రాసినవాళ్లు) వెనకటి రోజుల్లోనే తప్పుపట్టారు. మాటల సంపదకు భాగవతం నిధే, ఈ ఒక్క పరీక్షకు మాత్రం అది సాక్ష్యం కాదు. దేశి మాటల కోసం వెతికేవాళ్లకు పాలకుర్తి సోమనాథుని ద్విపదలు మంచి చోటు. ద్విపదలో రెండేసి పాదాలకే ప్రాస కనుక సాక్ష్యం కొంచెం పలచన, కాని పల్లె మాట ఎక్కువ.

కన్నడం తలుపు

నిఘంటువులో దొరికిందంటే మాట పాతదని తెలిసింది. ఎంత పాతదో తెలియాలంటే పక్క భాషల్లో చూడాలి. తెలుగుతో పాటు ఇంకో ద్రావిడ భాషలో, అప్పు తెచ్చుకున్న గుర్తులు లేకుండా, అదే ధ్వనితో అదే అర్థంతో ఉంటే ఆ మాట రెండు భాషలకూ ఉమ్మడి ఆస్తి కిందికి వస్తుంది.

కన్నడంలో ‘ఒరలు’ ఉంది, గట్టిగా కేకవేయు, రోదించు అని అర్థం. హళెగన్నడంలో, అంటే పాత కన్నడంలో, దాన్ని ఱకారంతో రాస్తారు, కిట్టెల్ కన్నడ నిఘంటువు (1894) ఆ తేడా పాటిస్తుంది. మన ఒఱలులోని బండి ఱకు ఇది రెండో సాక్ష్యం. ‘అరుచు’ పాత రూపం ‘అఱచు’ కూడా అంతే, తెలుగులోనూ కన్నడంలోనూ ఱతోనే. అంటే ఈ రెండు క్రియలూ ఏనాటి నుంచో రెండు భాషల్లోనూ పక్కపక్కనే వేర్వేరుగా బతుకుతున్నాయి. ఒకటి ఇంకోదాని వికృతి కాదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇక్కడ ఒక గుంట ఉంది, చూసి నడవాలి. కన్నడంలో ‘ఒరళు’ అని ఇంకో మాట ఉంది, దాని అర్థం రోలు. ల, ళ తేడా మన దిక్కు నోట పోయింది కనుక ఇక్కడివాళ్లు ఈ రెండింటినీ ఇట్టే కలిపేస్తారు. రోలు చప్పుడుకు, ఒర్రుడుకు ముడిపెట్టి కథ అల్లడం కూడా సులువే. రోలు తమిళంలో ఉరల్, కన్నడంలో ఒరళు, తెలుగులో అచ్చు ముందుకు దూకి రోలు. దానికి దాని సంసారం వేరే ఉంది.

తమిళం వైపు పోయేవాళ్లకు ఒక చిట్కా. తెలుగు, కన్నడాల్లో పదం మొదట ఒ ఉండి, తర్వాతి అక్షరంలో అకారం ఉంటే తమిళంలో ఉ కింద కూడా వెతకాలి. కన్నడం ఒరళు, తమిళం ఉరల్. తెలుగు ఒదవు, తమిళం ఉదవు. ఒ కింద మాత్రమే చూసి తమిళంలో లేదనడం తరచూ జరిగే పొరపాటు. అన్ని భాషల మాటలూ ఒకేచోట కావాలంటే బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు, 1984 నాటి రెండో ముద్రణ. షికాగో విశ్వవిద్యాలయం దీన్ని, బ్రౌన్‌ను ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టింది.

ఉట్నూరు, ములుగు దిక్కు గోండి, కొలామి, కోయ మాట్లాడేవాళ్లను అడగడం మంచిదే. అయితే అక్కడ దొరికిన మాట తెలుగు నుంచి పోయిందా, ఉమ్మడి ఆస్తా అన్నది వేరే చూసుకోవాలి. ‘ఒర్రు’ అని ర్ర తోనే ఉంటే మన దగ్గర మారినాక పోయిందని అనుమానించాలి.

పోలిక చూసి మోసపోయే మాటలు

ఒర్రె అంటే వాగు కంటే చిన్న పారకం. వానకాలంలో అది గట్టిగా మోగుతుంది నిజమే, కాని ఒర్రుకు దానితో సంబంధం కలపాలంటే ఒర్రెకు కూడా ర్ల రూపం ఉండాలి. ‘ఒర్లె’ అని ఎవరూ అనరు. అక్కడ ర్ర గట్టిది, ఇక్కడ ర్ర దారిలో అయ్యింది. ‘కూర ఒర్రగున్నది’ అంటే కారంగా ఉందని. అది తిన్నవాడు ఒర్రుతాడేమో గానీ ఆ ఒర్ర వేరు. కత్తి ఒర, బావిలో దించే సిమెంటు ఒర, ఓర్చుకొను, ఒరుగు, ఇవేవీ మన క్రియకు చుట్టాలు కావు. అర్థం కుదిరితేనే కాదు, రూపాలు కూడా కుదిరితేనే చుట్టరికం.

కార్డు రాయడం

పని అయ్యాక ఇలా ఒక కార్డు మిగలాలి:

పదం: ఒర్రు. మారు రూపం: ఒర్లు (అదే మనిషి నోట రెండూ).
తరగతి: అకర్మక క్రియ, ఎదుటి మనిషికి ‘మీద’ చేరుతుంది.
కీలక రూపాలు: ఒర్రి, ఒర్రక, ఒర్లి, ఒర్లక.
అర్థం: 1. చంటిపిల్ల నొప్పికో ఆకలికో గట్టిగా ఏడవడం. 2. విసుగు పుట్టేలా గట్టిగా అరవడం. 3. ఒకరి మీద కేకలేయడం.
వాడే తీరు: వినేవాడి విసుగు ఉంటుంది, పెద్దవాళ్ల ముఖం మీద అనరు.
వాక్యం: (విన్నది విన్నట్టు, ఊరు, వయసు, తేదీ, మనిషి పేరు వద్దు.)
మూలం: ఒఱలు, మధ్య అచ్చు లోపించి ఒర్లు, ర్ల ర్ర అయి ఒర్రు.
సాటి మాట: కన్నడం ఒరలు (హళెగన్నడంలో ఱ).

అర్థాలకు అంకెలు వేసేటప్పుడు ఎక్కువ వినబడేదాన్ని ముందు పెట్టాలనిపిస్తుంది. పుట్టుక చూపించే కార్డులో పాత అర్థం ముందు రావాలి, అప్పుడే ఒకదాని నుంచి ఇంకోటి ఎలా వచ్చిందో కనబడుతుంది. ‘వాక్యం’ దగ్గర సొంతంగా కల్పించిన ఉదాహరణ రాయొద్దు. కల్పించిన వాక్యంలో ఎప్పుడూ మనకు ముందే తెలిసిన అర్థమే ఉంటుంది.

చేయి తిరగడానికి ఇంకొకటి చేసి చూడండి. ‘ఒడువని ముచ్చట’ అంటే తెగని, అయిపోని ముచ్చట. దీన్ని ‘ఒడువు’ అని వెతకొద్దు. రూపాలు పరవండి: పని ఒడిసింది, రేపు ఒడుస్తది, ఇంక ఒడువలే. పక్కన నడిచింది, నడుస్తది, నడువలే పెట్టండి. వరుస అచ్చంగా కలిసింది కదా, అంటే నిఘంటువులో చూడాల్సిన రూపం నడుచు లాగా ‘ఒడుచు’. అక్కడికి పోయాక వాన నీటిని ‘ఒడిసి పట్టు’ అనే మాట ఎదురొస్తుంది. రూపం ఒకటే అయినా అర్థం పట్టుకోవడం, అయిపోవడం కాదు. రెండింటికీ ఒకే కార్డు రాయకుండా, పన్నెండేసి రూపాలు విడివిడిగా సేకరించి, వ్యతిరేకం దగ్గర రెండూ ఎలా నడుస్తున్నాయో మొదట చూడండి.